కీర్తనలో ఆగే చోటు

మా ప్రార్థన గదిలో అందరూ ఒకే చోట దగ్గేవారు. జలుబు చేసి కాదు, భక్తితో. శనివారం పొద్దున టైర్ల షాపు మీద ఉన్న ఆ గదిలో నిలబడి హీబ్రూలో మొదటి కీర్తన ఎత్తుకుంటే, సగానికి వచ్చేసరికి ముసలీ ముతకా, ఆడా మగా అందరూ ఒక్కసారి గొంతు సవరించుకుని మళ్ళీ సాగేవారు. లిఫ్టాయన దగ్గు అందరికన్నా ఖంగుమని మోగేది. ఆయన ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి, మా గదికి పెద్ద దిక్కు. కొత్తవాళ్ళెవరైనా దగ్గకుండా దాటేస్తే ఆయన చూసే చూపుకి పై వారం వాళ్ళూ దగ్గేవారు.

దీనికంతటికీ మా నాన్న కారణం. మాలో హీబ్రూ చదవడం వచ్చిన మొదటి మనిషి ఆయన. వాచీలు బాగుచేసేవాడు. ఎక్కడి నుంచో వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయిన ఒక గురువు దగ్గర, కొట్టు మూసుకుని మరీ అక్షరం అక్షరం నేర్చుకున్నాడు. నేర్చుకున్నది తనతోనే పోకూడదని, ఎవరిదో టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుని, ఒక మధ్యాహ్నం కూర్చుని కొన్ని కీర్తనలు చదివి క్యాసెట్టు చేశాడు. ఆ క్యాసెట్టుకి కాపీలు, ఆ కాపీలకి కాపీలు. శనివారం మా యూదులకి విశ్రాంతి దినం, ఏ మిషనూ ముట్టుకోం కాబట్టి మిగిలిన రోజులన్నీ వంటింట్లో, కొట్లో, మంచం పక్కన అదే మోగేది. అక్షరాలు రానివాళ్ళంతా చెవితోనే నేర్చుకున్నారు. ఏది దేవుడి మాటో, ఏది మా నాన్న గొంతులో అడ్డం పడ్డ కఫమో చెవికెలా తెలుస్తుంది? రెండూ నేర్చుకున్నారు.

అర్థం తెలియని భాషలో ఈ గోలెందుకని బంధువులు నాన్నని ఆటపట్టించేవారు. ఆయన వాచీలో నుంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పేవాడు. "మన భాషలో దేవుడి ముందు నిలబడితే నాకు కూరగాయల కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంటుందిరా. అదివ్వు, ఇది తగ్గించు అని బేరం మొదలవుతుంది. హీబ్రూలో బేరమాడేంత భాష నాకు రాదు. నోరు మూసుకుని ఆయన మాటలు ఆయనకే అప్పజెబుతాను." నాకు అప్పట్లో ఇది ఎంతో గొప్ప మాటగా తోచేది. ఇప్పుడూ సగం అలాగే తోస్తుంది.

దగ్గు సంగతి నవ్వుకోవడానికి. అసలు సంగతి వేరే కీర్తనలో ఉంది.

లోతుల్లో పడ్డవాడు పైకి కేక పెట్టే కీర్తన ఒకటుంది. అందులో 'బోకెర్' అనే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. బోకెర్ అంటే ఉదయం. క్యాసెట్టులో నాన్న మొదటి బోకెర్ అని ఆగిపోతాడు. కుర్చీ కిర్రుమంటుంది. అడుగుల చప్పుడు దూరంగా వెళ్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, టేపు తిరిగే సన్నటి హోరు తప్ప. మళ్ళీ అడుగులు, మళ్ళీ కుర్చీ. అప్పుడు రెండో బోకెర్. గొంతులో ఏ తేడా ఉండదు. అక్కడి నుంచి చివరిదాకా తడబాటు లేకుండా చదివేస్తాడు.

మా వాళ్ళంతా అక్కడ ఆగేవారు. ఎంతసేపు ఆగాలో ఎవరూ లెక్కపెట్టరు, వినీ వినీ ఒంటికి పట్టేసింది. మొదటి బోకెర్ తర్వాత గది గదంతా ఊపిరి బిగబట్టి నిలబడేది. దానికి లిఫ్టాయన ఒక అర్థం కూడా కల్పించాడు. "ఇది కాపలా మౌనం. తెల్లారేదాకా ఎవరి చీకట్లో వాళ్ళు నిలబడాలి" అని కొత్తవాళ్ళకి చెప్పేవాడు. నాన్న బతికుండగా ఆ మాట విన్నాడు. ఔననలేదు, కాదనలేదు. తను ముందు నిలబడి ప్రార్థన నడిపించినన్నాళ్ళూ తనూ అక్కడ ఆగాడు.

నిజం చెప్పాలంటే ఆ మౌనంలో ఏదో ఉండేది. మందుల షాపావిడకి పోయిన భర్త పిలుపు వినపడేదట. లిఫ్టాయనకి వాళ్ళ అమ్మ గాజులు వినపడేవట. నాకు మాత్రం అడుగులు వినిపించేవి. చెక్కల నేల మీద ముందు వైపు నుంచి వెనక్కి వచ్చి, మా వరస దగ్గర ఆగి, కాసేపటికి తిరిగి వెళ్ళేవి. చెవులకి అలవాటైపోయి అలా వినిపిస్తోందని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. కానీ నాన్న పోయాక ఒకసారి ఆ అడుగులు మా దగ్గర ఆగినప్పుడు వాచీ నూనె వాసన వచ్చింది. భయపడలేదంటే అబద్ధం. అమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

అప్పుడు నేను ఒకటి నిశ్చయించుకున్నాను. అమ్మ నాన్నతో మాట్లాడుకునే చోటు ఇది. దీని జోలికి ఎవరొచ్చినా ఊరుకోను. నాకు ముక్కు మీద కోపమని మా వీధి వీధంతా తెలుసు. బట్టలు బిగుతు చేసిమ్మని, వదులు చేసిమ్మని వచ్చే ఆడవాళ్ళు కూడా నేను కత్తెర కింద పెట్టేదాకా నోరు విప్పరు.

అలాంటిది, జోలికొచ్చింది నా కూతురే.

దానికి మొదట్నుంచీ ప్రతిదానికీ అర్థం కావాలి. చదువు పేరుతో వేరే ఊరు వెళ్ళి, అక్కడ సరైన గురువుల దగ్గర కొన్నేళ్ళు హీబ్రూ చదువుకుని తిరిగొచ్చింది. నాన్న పోయాక ముందు నిలబడుతున్న లిఫ్టాయనకి చూపు మందగించింది కాబట్టి ప్రార్థన నడిపించే పని దానికి అప్పజెప్పాడు. ఆడపిల్ల ముందు నిలబడటమేమిటని గొణిగినవాళ్ళు లేకపోలేదు. "గుడ్డివాడు ముందు నిలబడితే బాగుంటుందా?" అని లిఫ్టాయన వాళ్ళ గాలి తీసేశాడు. దానికి పంతులమ్మ అని పేరు పడిపోయింది.

పంతులమ్మ మొదటి పనిగా కీర్తనలకి అర్థాలు చెప్పడం మొదలుపెట్టింది. గదిలో చిన్న కల్లోలమే రేగింది. మందుల షాపావిడ కొన్నేళ్ళుగా ఒక కీర్తన దగ్గరికి రాగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. దాని అర్థం విని నోరెళ్ళబెట్టింది.

"ఏంటీ? ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది ఎవరిదో గడ్డం మీద నుంచి నూనె కారడం గురించా?"

గది గొల్లుమంది. పంతులమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. లిఫ్టాయన మాత్రం నవ్వలేదు.

"మాట ఆయనది, ఏడుపు నీది. ఏడుపుకి అర్థం వేరే ఉంటుందిలే అమ్మా. పై వారం కూడా ఏడువు."

తర్వాత దగ్గు పోయింది. అది తాతయ్య గొంతు సవరించుకోవడమే గానీ కీర్తనలో లేదని పంతులమ్మ చెబితే, సిగ్గుపడి, పడీపడీ నవ్వి అందరూ మానేశారు. లిఫ్టాయన ఒక్కడు మానలేకపోయాడు. అలవాటైన గొంతు, పాపం.

ఇక మిగిలింది బోకెర్. ఒక మధ్యాహ్నం కొట్లో నేను ఒక కోటుకి లోపలి గుడ్డ విప్పుతుంటే అది వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. అమ్మ అప్పుడు మేడ మీద పడుకుని ఉంది.

"అమ్మా, ఆ లోతుల కీర్తన సంగతి చెప్పాలి. అక్కడ ఆగడం అనేది ఎక్కడా లేదు. ఒకే మాట రెండుసార్లు వెంటవెంటనే వస్తుంది, అంతే. కాపలావాళ్ళు తెల్లారడం కోసం చూస్తారే, వాళ్ళకన్నా ఎక్కువగా నేను చూస్తున్నానని. ఆత్రంతో మళ్ళీ అంటాడన్నమాట. మధ్యలో ఆపితే ఆ ఆత్రమే పోతుంది. మనం తాతయ్య పొరపాటుని ప్రార్థన చేస్తున్నాం."

"దగ్గుతో ఆపు" అన్నాను.

"అదేంటమ్మా?"

"దగ్గు తీసేశావు, ఎవరికీ ఏం పోలేదు. ఇందులో మాత్రం వేలు పెట్టకు. మీ అమ్మమ్మ దాన్ని పట్టుకునే బతుకుతోంది."

"అమ్మమ్మ చెప్పిందా?"

"ఆవిడ ఏది చెప్పింది గనక! పక్కన నిలబడేదాన్ని, నాకు తెలీదా?"

"నేను ఒకసారి అడిగి చూస్తాను."

కోపం నషాళానికి అంటింది. కత్తెర బల్ల మీద పడేసిన చప్పుడుకి బయట పోతున్నవాళ్ళు తొంగిచూశారు. "అడిగావంటే నీకూ నాకూ మాటల్లేవు" అన్నాను. అది మాట మింగి, స్టూలు జరిపి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఒక విషయం గురించి ఎవరూ మాట్లాడరు. నాకో అక్క ఉండేది. నేను చాలా చిన్నదాన్ని, నాకు దాని మొహం కూడా గుర్తులేదు. తడిగుడ్డ వాసన, మూసిన కిటికీ, నన్ను ఎవరో పక్కింటికి ఎత్తుకుపోవడం, అంతే గుర్తు. అక్క జ్వరంతో పోయిందని తెలుసు. ఎప్పుడు, ఎలా అని అడిగితే అమ్మ లేచి పక్కగదిలోకి వెళ్ళేది, నాన్న భూతద్దం కంటికి పెట్టుకునేవాడు. అడగడం మానేశాను.

ఆ శనివారం పంతులమ్మ నా మాట దాటలేదు. బోకెర్ దగ్గర ఆగింది, అందరూ ఆగారు. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక మెట్ల దగ్గర నా చెయ్యి పట్టి ఆపింది.

"అమ్మా, నువ్వు ఎప్పుడూ అమ్మమ్మ పక్కన నిలబడతావు. ఆ టైములో ఆవిడ మొహం ఎదురుగా ఎప్పుడైనా చూశావా?"

"చూడక్కర్లేదు."

"నేను ముందు నిలబడ్డాను కాబట్టి చూశాను. అది తాతయ్యతో మాట్లాడుకునే మొహం కాదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది."

దాన్ని కసిరి లోపలికి పోయాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. వారమంతా కాజాలు కుడుతుంటే దారం తెగేది, కొలతలు తప్పేవి. అమ్మ నా పక్కనే కూర్చుని గుండీలు కుడుతూ, "నీ చెయ్యి ఇవాళ నీ దగ్గర లేదు" అంది. ఆవిడ మొహంలోకి చూశాను. మామూలు మొహమే. నోట్లో దారం, కళ్ళు సూది మీద.

పై శనివారం లోతుల కీర్తన మొదలవుతుండగా, కింద టైర్ల షాపులో గాలి నింపే మిషను మోత ఎక్కువగా ఉందని వంక పెట్టి ముందు కిటికీ మూయడానికి వెళ్ళాను. మూసి అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మొదటి బోకెర్ పలికారు. గది ఆగిపోయింది.

మా అమ్మ కళ్ళు మూసుకోలేదు. ముందు వైపు, ఎవరూ లేనిచోట చూస్తోంది. ఆ చూపు మెల్లిగా కదిలింది, నడిచి వస్తున్న మనిషిని చూసినట్టు. దగ్గరకొచ్చి ఆగింది. ఆవిడ తల పైకెత్తింది. అంటే ఎదురుగా ఉన్నవాడు నిలబడే ఉన్నాడు. అమ్మ చేతులు రెండూ ముందుకి వచ్చి, ఏదో బరువు మోస్తున్నట్టు ఉన్నాయి. పెదవులు కదిలాయి. మాట్లాడుకోవడం కాదది, బతిమాలుకోవడం. తర్వాత ఆ చూపు వెనుదిరిగి, అడుగడుగుకీ దూరమై, ముందుకి వెళ్ళిపోయింది. గదంతా ఒక్క గొంతుతో రెండో బోకెర్ అంది. అమ్మ మొహం చెంపదెబ్బ తిన్న మనిషి మొహంలా అయిపోయింది.

అన్నేళ్ళూ ఆ మోచెయ్యి పట్టుకుని నిలబడింది నేను. ఆ మౌనానికి కాపలా కాసింది నేను. ఎవరి కోసమో, దేనికో నాకు తెలియదు.

సోమవారం కొట్టు తలుపు సగం దించేసి అమ్మ ఎదురుగా కూర్చున్నాను. పంతులమ్మని కూడా కూర్చోమన్నాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు.

"అమ్మా, బోకెర్ దగ్గర నీకు ఎవరు కనపడతారు?"

అమ్మ గుండీ కుట్టడం ఆపలేదు. దారం నాలుగుసార్లు చుట్టి, ముడేసి, పళ్ళతో తెంపింది. అప్పుడు చెప్పింది.

"మీ నాన్న."

"నాన్నతో మాట్లాడతావా?"

"మాట్లాడనిస్తేగా."

ఇంకో చొక్కా తీసుకుంది. గుండీ పెట్టాల్సిన చోట వేలితో రాస్తూ కూర్చుంది గానీ సూది ఎక్కించలేదు.

"ఆ టేపు మిషను సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. డాక్టరు వచ్చి, జ్వరం దిగుతోంది, భయం లేదన్నాడు. అందుకే మొదలెట్టాడు. ఆయన రాయి కాదే. పిల్లకి వినపడాలని మధ్య తలుపు తెరిచే ఉంచాడు. నాన్న చదువుతుంటే నాకు నిద్రొస్తుందమ్మా అంది పెద్దది. నా ఒళ్ళో పడుకుంది. అక్కడ ఆయన చదువు, ఇక్కడ దీని ఊపిరి. గుర్రు గుర్రుమని ఒకటే ఊపిరి. చదువుతూ ఆయన అదే వింటున్నాడని నాకు తెలుసు. ఉన్నట్టుండి ఆగిపోయింది."

"చదువా?" అంది పంతులమ్మ.

"ఊపిరి. అది ఆగాకే చదువు ఆగింది. నేను పిలవలేదు. నాకు నోరు రాలేదు. ఆయనే లేచి వచ్చాడు. వచ్చి చూశాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నేను ఆయన మొహంలోకి చూస్తున్నాను, ఇప్పుడు కూర్చుంటాడు, ఇప్పుడు నా పక్కన కూర్చుంటాడు అని. కూర్చోలేదు. వెనక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళి, కుర్చీలో కూర్చుని, మిగతాది చదివాడు. పిల్ల నా ఒళ్ళో ఉంది. ఆయన కీర్తన పూర్తి చేశాడు."

బయట ఎవరో గిరాకీ వచ్చి తలుపు తట్టి వెళ్ళిపోయారు.

"ఎందుకలా చేశావని నాన్నని అడగలేదా?"

"ఒక్కసారే అడిగాను. మన భాషలో ఆ మాట అనాల్సి వస్తుందని భయపడ్డానన్నాడు. నోరు తెరిస్తే, పోయింది అని అనాలి. కుర్చీ దగ్గరికెళ్తే కీర్తనలో తర్వాతి మాట సిద్ధంగా ఉంది, అది అంటే చాలు. నాకు అర్థమైంది. అర్థం కాలేదనుకోకు. ఆయనకి దాక్కోవడానికి ఓ భాష ఉంది. నాకేముంది? పిల్లనెత్తుకుని కూర్చున్నాను."

నాన్న నాకు ప్రాణం. హీబ్రూ నాన్నని నిలబెట్టింది, అది లేకపోతే ఆ మధ్యాహ్నం ఆయన కూలిపోయేవాడు. అర్థం తెలియని భాషలో ప్రార్థన ఎందుకని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను చెప్పగలిగే జవాబు అదే. కానీ అదే భాష అమ్మని ఒంటరిగా వదిలేసింది. రెండూ నిజమే. ఏ ఒక్కటి తీసెయ్యడానికీ నాకు చేతులు రాలేదు.

"ప్రతి వారం ఆయన వస్తాడు" అంది అమ్మ. "ప్రతి వారం వెళ్ళిపోతాడు. మీరందరూ కలిసి పంపించేస్తారు ఆయన్ని. ఆ రెండో మాట అనగానే ఇక ఆగడు."

పంతులమ్మ ఏడుస్తోంది. అర్థాల మనిషికి అర్థం దొరికితే ఇలాగే ఉంటుంది కాబోలు. "అమ్మమ్మా, తీసేద్దాం. అసలు కీర్తనలో లేనే లేదది. రెండూ కలిపి చదివేస్తే ఆగే చోటే ఉండదు" అంది.

"వద్దు."

"ఎందుకొద్దు?" అన్నాను నేను.

"మందుల షాపావిడకి వాళ్ళాయన అక్కడే వస్తున్నాడు. లిఫ్టు అన్నయ్యగారికి వాళ్ళమ్మ వస్తోంది. నా ఒక్కదాని కోసం అందరి తలుపూ మూస్తారా? పైగా తీసేస్తే ఆయన లేవనే లేవడు. పిల్లని చూడటానికి కూడా రాడు." చొక్కా మడిచి పక్కన పెట్టింది. "రావద్దని కాదే నేను కోరేది. వెళ్ళొద్దని."

పోయిన మనిషి వెళ్ళకుండా ఎలా ఆగుతాడమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడకి తెలియక కాదు.

ఆ వారమంతా నాకూ పంతులమ్మకీ మధ్య ఒకటే తర్జనభర్జన. ఆగితే అమ్మకి నరకం, ఆగకపోతే అమ్మకి అన్యాయం. శుక్రవారం దాకా ఎటూ తేలలేదు. "నేనేం చెయ్యనమ్మా, నడిపించేది నేను" అని అది కాలు కాలిన పిల్లిలా కొట్టంతా తిరిగింది. ఎప్పటిలాగే చదువు, మిగతాది దేవుడు చూసుకుంటాడన్నాను. ఆ మాట నా నోటికే చేదుగా తగిలింది.

శనివారం నేను కిటికీ దగ్గరికి పోలేదు. అమ్మ పక్కనే నిలబడ్డాను. లోతుల కీర్తన వచ్చింది. పంతులమ్మ గొంతు ముందు సాగింది, మేమంతా వెనక. మొదటి బోకెర్ అన్నాం.

గది ఆగింది. కింద గాలి మిషను కూడా అప్పుడే ఆగింది. కుర్చీ కిర్రుమనడం నేను విన్నాను, గదిలో కుర్చీలో ఎవరూ లేరు. అడుగులు మొదలయ్యాయి. ఒక్కో చెక్కా నొక్కుకుంటూ మా వైపు వచ్చాయి. మందుల షాపావిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కూడా వింటోందని నాకు తెలిసింది. అడుగులు మా వరస దగ్గర ఆగాయి.

అమ్మ నా చెయ్యి విడిపించుకుని వరసల మధ్య దారిలోకి వచ్చి నిలబడింది. తిరిగి వెళ్ళే దారి అది.

"వెళ్ళకండి" అంది, పైకి, మన భాషలో.

ఆ గదిలో ప్రార్థన మధ్యలో మా భాష వినపడటం అదే మొదలు. ముందు వరసవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. ఎవరితో మాట్లాడుతోందో ఎవరూ అడగలేదు.

"ఏమండీ, మీకే చెబుతున్నాను. ఇవాళ వెళ్ళకండి. పిల్ల ఇక్కడుంది. కాసేపు కూర్చోండి. మిగతాది ఎప్పుడైనా చదువుకోవచ్చు."

అని తను నేల మీద కూర్చుంది. కాళ్ళు మడిచి, చీర సర్దుకుని, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.

రెండో మాట అనాల్సిన సమయం దాటిపోతోంది. అందరి ఒళ్ళకీ అది తెలుసు. గది మొత్తం ముందుకి ఒరిగి, నాలుక చివర ఆ మాట పెట్టుకుని పంతులమ్మ వైపు చూస్తోంది. అది అంటే అందరం అంటాం. పంతులమ్మ నోరు తెరిచింది. అమ్మమ్మని చూసింది. నన్ను చూసింది. దానికి ఏమని సైగ చెయ్యాలో నాకు తోచలేదు, నా మొహం ఎలా ఉందో కూడా నాకు తెలియదు. అది నోరు మూసుకుంది. పుస్తకం మూసి, నిలబడ్డ చోటే నేల మీద కూర్చుంది.

లిఫ్టాయన మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చున్నాడు. మందుల షాపావిడ కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు గదంతా కూర్చుంది. నేను అమ్మకి అటుపక్కన కూర్చున్నాను, ఆవిడ వదిలిన చోటు ముట్టుకోకుండా. ఆ చోటు ఖాళీగా ఉందని ఇవాళ్టికీ ఒట్టు వేసి చెప్పలేను. ఎవరివాళ్ళు వాళ్ళ దగ్గరికి వచ్చారో లేదో గానీ, చాలామంది ఏడ్చారు. తొందరపడి లేచినవాళ్ళు లేరు.

ఎంతోసేపటికి లిఫ్టాయన మెల్లిగా కదిలాడు.

"చెల్లెమ్మా, కీర్తన సగంలో ఉండిపోయింది. పూర్తి చేద్దామా మరి?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"దేవుడికి ఆ కీర్తనంతా వచ్చు అన్నయ్యగారూ. నా పెద్దదాని గురించి ఆయనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అది చెప్పనివ్వండి."

అని, అక్క గురించి మొదలుపెట్టింది.